మోకాళ్ళ మీద చదవాల్సిన నంబరు

మా రేవులో ఏజెంట్లం ఏ విషయంలోనూ ఒక మాట మీదికి వచ్చిన పాపాన పోలేదు గానీ, ఒక్కదాంట్లో మాత్రం అందరిదీ ఒకటే మాట. ఇంకోసారమ్మ సెలవు పెట్టిన రోజున హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

ఆవిడ అసలు పేరు ఆవిడ బల్ల మీద ఇత్తడి పలక మీద ఉంది. దాన్ని చదివినవాళ్ళున్నారు గానీ పిలిచినవాళ్ళు లేరు. సీలు నంబరు చదివి వినిపిస్తే "ఇంకోసారి" అంటుంది. బరువు తూచి చూపిస్తే "ఇంకోసారి". తాళం వేసి, లాగి చూపిస్తే "ఇంకోసారి". నాకు కలలో కూడా ఆ మాట వినబడి ఉలిక్కిపడి లేచిన సందర్భాలున్నాయి. మా అక్క కూతురు, నా దగ్గరే పనిచేసే మేనకోడలైతే, "ఆవిడ అన్నం వడ్డించుకున్నాక కూడా గిన్నె మూత ఇంకోసారి తీసి చూస్తుందేమో మావయ్యా" అని నవ్వేది.

నాది క్లియరింగ్ పని. ఓడలో దిగిన సరుకుని కస్టమ్స్ నుంచి విడిపించి సొంతదారుకి చేర్చాలి. పింగాణీ సామాను, మోటార్లు, కాగితం చుట్టలు, ఏదైనా సరే. అందులో అందరూ దణ్ణం పెట్టి తప్పుకునే సరుకు ఒకటుంది: అణు పదార్థాలు. ఆస్పత్రులకీ ఫ్యాక్టరీలకీ వచ్చేవి. నేనే ధైర్యం చేసి పదకొండేళ్ళ కిందట నెత్తికెత్తుకున్నాను. అప్పటినుంచీ ఇంకోసారమ్మ నా నెత్తిన కూర్చుంది.

ఆవిడది అణు ఆఫీసు. ప్రభుత్వం వాళ్ళది. దేశంలోకి వచ్చే, దేశం దాటి వెళ్ళే అణు పదార్థం చిటికెడైనా వాళ్ళ లెక్కలో ఉండాలి. పంపే దేశం ముందుగా అడగాలి, ఈ దేశం సరేననాలి, బయల్దేరేముందు కబురు పెట్టాలి, చేరాక చేరిందని చెప్పాలి. ఇదంతా ఎందుకయ్యా అంటే, అది దారిలో తప్పిపోతే ఎవరి చేతిలో పడుతుందో ఎవడూ చెప్పలేడు గనక. ఈ మాట నాకూ తెలుసు. తెలిసి కూడా ఆవిణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. నాది ముక్కుమీద కోపం, దాచుకోవడం చేతకాదు. ఒకసారి ఆవిడ ఎదురుగానే ఫైలు బల్ల మీద విసిరికొట్టాను. ఆవిడ కింద పడ్డ కాగితాలు ఏరి, వరసగా పెట్టి, ఒకటి తక్కువైందని బల్ల కింద వంగి వెతికి, అది కూడా తీసి ఇచ్చింది. అలాంటి మనిషితో పోట్లాడటం కూడా దండగే.

ఇక అసలు సంగతికి వస్తాను.

మా అక్కకి రొమ్ములో గడ్డ తేలింది. అక్క అంటే నాకు అమ్మ తర్వాత అమ్మ. కుట్టుమిషను తొక్కి నన్ను పెంచింది. బళ్ళో పిల్లలందరి చొక్కాలకన్నా నా చొక్కాల జేబులు లోతుగా ఉండేవి, నేను వస్తువులు పారేసుకుంటానని అలా కుట్టేది. అలాంటి అక్కకి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. తీశాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"కరెంటు పెట్టాలి, అదే రేడియేషన్. ఇవాళ్టినుంచి ఎనిమిది వారాల్లోపు మొదలవ్వాలి. అది దాటిందంటే మాత్రం నేను మాటివ్వలేను."

ఆస్పత్రిలో కరెంటు పెట్టే మిషను ఒక్కటే. దాని తలలో కోబాల్టు ఉంటుంది, చిటికెన వేలంత. ఆ వేలెడు ముక్కే రోగాన్ని కాల్చేది. ఏళ్ళు గడిచేకొద్దీ దాని సత్తువ తగ్గిపోతుంది. మా ఊరి మిషనులోది ఎంత నీరసపడిపోయిందంటే, మనిషికి పది నిమిషాలు పట్టేది ఇరవై పడుతోంది. దాంతో కొత్త రోగుల్ని ఆపేసి, కొత్త కోబాల్టు తెప్పిస్తున్నారు. పక్క ఊళ్ళో వరసలో నిలబడితే మూడు నెలలు. తెప్పించే పని ఎవరికిచ్చారనుకున్నారు? నాకే! మా అక్క మందు నా చేతుల మీదుగానే వస్తోందని ఇంటింటికీ చెప్పుకుని తిరిగాను. పెట్టె ఓడ దిగాక అయిదారు రోజుల్లో బిగించి, కొలిచి చూసుకుని, అక్కకి మొదలుపెట్టేయచ్చు.

కోబాల్టు వచ్చేది ఫ్లాస్కులో. టీ పోసుకునే ఫ్లాస్కు కాదు లెండి. రెండు టన్నుల ఉక్కు ముద్ద. దాని చుట్టూ ఇంకో బలమైన చెక్కపెట్టె. ఫ్లాస్కు నంబరు ఒక చిన్న పలక మీద చెక్కి ఉంటుంది, ఎక్కడో కాదు, అడుగున. పెట్టె పక్క చెక్కకి నాలుగు బోల్టులు విప్పి, నేల మీద మోకాళ్ళూని, తల వాల్చి, టార్చి వేసి చదవాలి. పెట్టె దిగిన రోజే ఏజెంటు స్వయంగా చదివి ఫారంలో రాసి, "నేనే చూసి చదివాను" అని సంతకం పెట్టాలని రూలు.

ఆ నంబరు ఎలాగూ అనుమతి పత్రంలో అచ్చు వేసి ఉంటుంది. అది బల్ల మీద ఉండగా నేల మీద పొర్లాడటం ఎందుకని, నేను దాంట్లోంచే ఎక్కించేవాణ్ణి. నాకు నేర్పిన ముసలాయన అలాగే చేసేవాడు. నేను మేనకోడలికి కూడా అలాగే నేర్పబోయాను. పదకొండేళ్ళలో ఎన్నడూ తేడా రాలేదు మరి.

బుధవారం పెట్టె దిగింది. పై చీటీలు సరిగ్గా ఉన్నాయి, పెట్టె నంబరు సరిగ్గా ఉంది. గోదాములో గుమాస్తా బల్ల దగ్గర నిలబడి, పత్రంలోంచి ఫ్లాస్కు నంబరు ఎక్కించి, సంతకం గీకి, ఆస్పత్రికి వెళ్ళి అక్కతో చెప్పాను.

"వచ్చేసిందే అక్కా! నీ పెట్టె వచ్చేసింది."

"నువ్వు చూశావా?" అంది అక్క.

"ఆ, చూశాను" అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట. తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కొరుక్కుంటాను.

శుక్రవారం పొద్దున్న ఇంకోసారమ్మ తనిఖీకి వచ్చింది. ఆపరేషన్ అయ్యి అది ముప్ఫై ఎనిమిదో రోజు, నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాను. ఆవిడ వచ్చే పద్ధతి ఎప్పుడూ ఒకటే. భుజానికి గుడ్డసంచి. అందులో రేడియేషన్ కొలిచే మీటరు, టార్చి, రూళ్ళ పుస్తకం, అట్టలా నలిగిపోయిన చిన్న దిండు. మోకాళ్ళు అరిగిపోయాయిట, నేల మీద ఆనించేటప్పుడు ఆ దిండు వేసుకుంటుంది. ఇంకో అలవాటు కూడా ఉంది. కాగితాలు చేతికిస్తే తీసుకోదు. ముందు వస్తువు దగ్గరికి వెళ్తుంది. కళ్ళతో చూసింది తన పుస్తకంలో రాసుకుంటుంది. ఆ తర్వాతే కాగితం తెరుస్తుంది. "ముందు కాగితం చూస్తే, కాగితంలో ఉన్నదే కంటికి కనిపిస్తుంది" అనేది. అదో చాదస్తమని మేం నవ్వుకునేవాళ్ళం.

ఆవిడ మీటరు పట్టుకుని పెట్టె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. మామూలుగా అది టకటకమని గోల చేస్తుంది. ఆవేళ ఉండీ ఉడిగీ ఒక్కో టక్కు. గోదాము పనివాళ్ళు కూడా దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"చూశారా మేడమ్, ఎంత బుద్ధిగా ఉందో!" అన్నాను. "ఇంత చల్లటి పెట్టె నా సర్వీసులో చూళ్ళేదు. త్వరగా సంతకం పడేయండి, లారీ బయట నిలబడుంది."

ఆవిడ మళ్ళీ మొదటి మూల నుంచి తిరిగింది. ఆ తర్వాత తనలో తనే అన్నట్టు "ఇంకోసారి" అని మూడోసారి తిరిగింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"తక్కువ చూపిస్తే మంచిదే కదా మేడమ్? ఎక్కువుంటే ఆపండి, తక్కువున్నా ఆపుతారా?"

"ఇంత తక్కువ ఉండకూడదు ఏజెంటు గారూ" అంది.

దిండు నేల మీద వేసింది. నాలుగు బోల్టులూ తానే విప్పింది. మోకాళ్ళూని, చెంప దాదాపు నేలకి ఆనించి, టార్చి వేసి చదివింది. పుస్తకంలో రాసుకుంది. ఇంకోసారి చదివింది. అప్పుడు లేచి, దుమ్ము దులుపుకుని, నా ఫారం తెరిచింది. పుస్తకం వంక, ఫారం వంక, చివరికి నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ తిట్టేవాణ్ణి.

"ఆఖరి రెండంకెలూ వేరు" అంది. "ఇది వేరే ఫ్లాస్కు."

నేను ఒంటికాలి మీద లేచాను. ఏమేం అన్నానో అన్నీ రాయను, సిగ్గేస్తుంది. రెండంకెల కోసం మనిషి ప్రాణం తీస్తారా అన్నాను. మీ ఇంట్లో జబ్బుపడితే తెలుస్తుంది అన్నాను. ముప్ఫై ఎనిమిది రోజులయిపోయాయి, మా అక్క ఆ మంచం మీద రోజులు లెక్కపెడుతోంది, మీకు మాత్రం అంకెలు కావాలి అన్నాను. గోదాములో క్రేను కూడా ఆగిపోయింది, డ్రైవరు పైనుంచి తొంగి చూస్తున్నాడు.

ఆవిడ అంతా విని ఒక్క మాట అడిగింది.

"డాక్టరు ఎన్ని రోజులన్నారు?"

"యాభై ఆరు."

"అయితే మనకి టైము లేదు. నిలబడి అరవకండి, నాతో రండి. ఈ ఫ్లాస్కు ఖాళీ."

"ఖాళీ ఏంటి! మీటరు కొట్టుకుంటోంది కదా!"

"దీని గోడ యురేనియం" అంది, సంచి సర్దుకుంటూనే. "సీసం కన్నా గట్టిగా అడ్డుకుంటుందని, మిగిలిపోయిన యురేనియంతో ఈ గోడలు పోస్తారు. మీటరుకి తగిలేది ఆ గోడ ఒక్కటే. లోపల కోబాల్టు ఉంటే ఇలా ఉండదు."

ఖాళీ ఫ్లాస్కులకి కూడా ఆవిడ ఎందుకు లెక్కలు అడుగుతుందో నాకప్పుడు తెలిసింది. ఖాళీదైనా అది అన్ని కిలోల యురేనియమే. నేను పదకొండేళ్ళూ ఆ ఫారం నింపాను, ఎందుకు నింపుతున్నానో ఒక్కసారీ అడగలేదు.

"మరి మా అక్క కోబాల్టు ఏదీ?" అన్నాను.

"అదే వెతకాలి" అంది. ఆవిడ మొహంలో రంగు మారడం మొదటిసారి చూశాను. "మీ అక్కగారిదొక్కటే కాదు బెంగ. ఎక్కడో ఒకచోట అది ఖాళీ ఫ్లాస్కు అని చీటీ అంటించుకుని తిరుగుతోంది."

అణు ఆఫీసు నాలుగో అంతస్తులో. లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్ళయిందో. ఆ అరిగిన మోకాళ్ళతో నాకన్నా ముందే మెట్లెక్కింది. గదిలో ఇనుప బీరువా, రెండు కుర్చీలు, కిటికీలో ఎండిపోయిన మొక్క, మూడు ఫోన్లు. పంపిన దేశంలో ఇలాంటి ఆఫీసులోనే కూర్చునే ఇంకొకావిడకి ఫోను చేసింది. ఇద్దరూ పధ్నాలుగేళ్ళుగా గొంతుల ద్వారానే పరిచయమట, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఈవిడ నంబరు చదివింది. అవతలావిడ తిరిగి చదివింది. "ఇంకోసారి" అంది ఈవిడ. అవతలావిడ విసుక్కోకుండా ఇంకోసారి చదివింది.

పావుగంటలో చిక్కు విడిపోయింది. మా పెట్టె, ఇంకో ఖాళీ ఫ్లాస్కు పెట్టె దారిలో ఒకే రేవులో దిగాయి. ఒకదాని అడుగుచెక్క విరిగితే, బాగుచేయడానికని రెండు ఫ్లాస్కుల్నీ బయటికి తీసి మళ్ళీ పెట్టారు. పెట్టారు సరే, దాన్ని దీంట్లో, దీన్ని దాంట్లో. పై పెట్టెలు కరెక్టు, చీటీలు కరెక్టు, కాగితాలన్నీ కరెక్టు. ఆ రేవులో కూడా ఎవడో నాలాంటివాడే, మోకాళ్ళు నొప్పెడతాయని బల్ల దగ్గరే సంతకం పెట్టి ఉంటాడు.

"ఆ ఖాళీ పెట్టె ఎక్కడికి వెళ్ళాలి మేడమ్?"

"మూడో దేశానికి. ఫ్లాస్కులు బాగుచేసే వర్క్‌షాపుకి."

"అక్కడేం చేస్తారు?"

"మూత విప్పి లోపల కడుగుతారు. చేత్తో."

ఆ వేలెడు ముక్క పక్కన మూత లేకుండా నిమిషాలు నిలబడితే చాలు, మనిషి దక్కడు. ఈ ఉద్యోగంలో అందరికీ మొదటిరోజే చెప్పే మాట అది.

"అక్కడ వాళ్ళు ముందు మీటరు పెట్టి చూడరా?" అన్నాను, ఏదో ఒక ఆశ దొరుకుతుందని.

"చూడాలి" అంది ఇంకోసారమ్మ. "మీరు కూడా నంబరు చదవాలి కదా."

ఆవిడ ఫోనులో అడుగుతూ కాగితం మీద రాస్తున్న తేదీలు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఆ పెట్టె ఆ మధ్య రేవులో బుధవారం రాత్రి దాకా కదల్లేదు. ఇవాళ పొద్దున్నే మూడో దేశంలో దిగింది. బుధవారం మధ్యాహ్నం నేను నాలుగు బోల్టులు విప్పి ఉంటే, అది అక్కడే ఆగిపోయేది. నాలుగంటే నాలుగు బోల్టులు.

మూడో దేశం ఆఫీసులో మొదటి నంబరు ఎవరూ ఎత్తలేదు. అక్కడ భోజనాల వేళ. రెండోది ఎత్తలేదు. ఆవిడ బీరువా తీసి, ఒక పాత పుస్తకంలోంచి మూడో నంబరు తీసింది. అవతల ఎవరో మగమనిషి. ఈవిడ గొంతు ఏమాత్రం పెంచలేదు. ఏమైందో నాలుగు ముక్కల్లో చెప్పింది. నంబరు ఒక్కో అంకె విడదీసి చెప్పింది. "మీరు రాసుకున్నది చదవండి" అంది. చదివాడు. "ఇంకోసారి" అంది.

నా జన్మలో మొదటిసారి ఆ మాటకి నాకు కోపం రాలేదు. ఇంకో పదిసార్లు అడిగించు తల్లీ అనుకున్నాను.

ఫోను పెట్టేశాక నలభై నిమిషాలు. ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకి జరిపింది. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను. ఆవిడ మాత్రం కూర్చోలేదు. సరైన ఫ్లాస్కు తిరిగి తెప్పించడానికి ఏ ఏ అనుమతులు కొత్తగా కావాలో చిట్టా రాయడం మొదలుపెట్టింది. ఇంకా అది దొరకనే లేదు, దొరుకుతుందన్నట్టే రాస్తోంది.

ఫోను మోగింది. ఆవిడ విని, అడిగి, ఇంకోసారి అడిగి, పెట్టేసింది.

"దొరికింది" అంది. "వర్క్‌షాపులో చెక్కపెట్టె అప్పటికే విప్పేశారు. మూతకి ఎనిమిది బోల్టులుంటే మూడు వదులు చేసి, మెకానిక్కు భోజనానికి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి మనవాళ్ళు గేటు దగ్గరున్నారు."

మనవాళ్ళు అంది. ఎన్నడూ చూడని దేశం, ఎన్నడూ చూడని మనుషులు. ఆ మాట అన్నాక ఆవిడ కలం మూత పెట్టబోయింది, పెట్టలేకపోయింది. అంతసేపూ ఆ భయం ఎక్కడ దాచిపెట్టిందో నాకు తెలీదు. రెండు చేతులూ బల్ల మీద బోర్లించి, అవి నిమ్మళించేదాకా ఆగి, అప్పుడు మూత పెట్టింది. నాకు ఏడుపొచ్చింది. నేను ఇన్నాళ్ళూ నవ్వింది ఈ మనిషిని చూసా అనిపించింది.

ఆ తర్వాత రిపోర్టు. ఆవిడ నా ఎదురుగానే రాసింది, "ఏజెంటు ఫ్లాస్కు నంబరు చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టారు" అని.

"మేడమ్" అన్నాను, "దొరికింది కదా. పదకొండేళ్ళుగా చేస్తున్నాను. ఇంట్లో పరిస్థితి మీకు తెలుసు."

"తెలుసు" అంది. "మీ అక్కగారి కోసం నేను చెయ్యగలిగింది అంతా చేస్తాను. ఈ వాక్యం మాత్రం తీసెయ్యలేను. ఇది తీసేస్తే రేపు ఇంకొకాయన చూడకుండానే పెడతాడు."

రిపోర్టు నా ముందు పెట్టింది. నేను కలం తీశాను.

"చదివి పెట్టండి" అంది.

చదివాను. ఒక్కో అక్షరం చదివి, సంతకం పెట్టాను. దానికి మూడు నెలలు రేవులో అడుగుపెట్టకూడదని నాకు శిక్ష పడింది. న్యాయంగా పడింది.

ఆ సాయంత్రం అక్కతో నిజం చెప్పాను. పెట్టె దగ్గరికి వెళ్ళలేదని, చూశానని అబద్ధం ఆడానని, అనుమతులన్నీ సవ్యంగా వచ్చినా నీ మందు ఇంకో పదకొండు రోజులకి గానీ రాదని. తిడుతుందని చూశాను. అక్క దుప్పటి అంచు మడత పెట్టింది.

"ఆ మూత విప్పేవాడికి కూడా ఓ అక్క ఉండే ఉంటుంది కదరా" అంది.

అంతకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టినా బాగుండేది.

కాసేపటికి తనే అడిగింది. "ఆవిడ మోకాళ్ళ కింద వేసుకుంటుందన్నావు, ఆ దిండు ఎంతుంటుంది?" నేను చేతులతో చూపించాను. "సరిగ్గా చూపించు" అంది. ఇంకోసారి చూపించాను.

ఆ పదకొండు రోజులూ ఇంకోసారమ్మ ఎలా పనిచేసిందో మా మేనకోడలు రోజూ వచ్చి చెప్పేది. మా సంస్థ తరఫున తనకి వేరే లైసెన్సు ఉంది, పని అంతా తన మీదే పడింది. పంపే దేశం కొత్తగా అడగాలి, మనం కొత్తగా సరేననాలి. ఫైలు మీద పధ్నాలుగు సంతకాలు. శని, ఆదివారాలు కూడా ఆవిడ ఆఫీసుకి వచ్చిందట. ఫైలుని ప్యూను చేతికివ్వకుండా తనే పట్టుకుని ఆ మెట్లన్నీ ఎక్కిందట, దిగిందట. "పోనీ ఈ ఒక్క సంతకం తర్వాత పెట్టించుకోండి మేడమ్, అత్యవసరం కదా" అని పై ఆఫీసరు అంటే, "అత్యవసరం గనకే ఇప్పుడే పెట్టండి సార్" అని ఎదురుగా నిలబడిందట. ఒక్క మెట్టు తొందరపడి దాటలేదు, ఒక్క పూట ఊరికే పోనివ్వలేదు. ఇంకో సంగతి కూడా చెప్పింది. వర్క్‌షాపు మెకానిక్కు, నంబరు చూసి పట్టుకున్నదెవరో కనుక్కోమని అడిగించాడట. ఈవిడ "ఆఫీసు చూసింది అని చెప్పండి" అందట. నా పొగరంతా కలిపి తూచినా ఆ ఒక్క మాటకి సరిపోదు.

నలభై తొమ్మిదో రోజు, మంగళవారం, పెట్టె ఓడ దిగింది.

నాకు లోపలికి ప్రవేశం లేదు కదా, గోదాము కంచె అవతల రోడ్డు మీద నిలబడ్డాను. అక్కడినుంచి తెరిచిన తలుపులోంచి అంతా కనిపిస్తూ, వినిపిస్తూనే ఉంది. గేటు కాపలా ఆయన నన్ను ఎరగనట్టు మొహం పెట్టాడు, పాపం, తన పని తను చేస్తున్నాడు.

మేనకోడలు చేతిలో సంచి. అందులో అక్క కుట్టిన దిండు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పైకి లేవకపోయినా, రోజుకి ఇంత చొప్పున నాలుగు రోజులు కుట్టింది. ముదురు నీలం గుడ్డ, అంచుకి రెండు వరసల కుట్టు. దాన్ని తీసి ఇంకోసారమ్మ చేతిలో పెట్టబోయింది. ఆవిడ దిండు తిప్పి చూసింది, కుట్టు మీద బొటనవేలు రాసి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"చాలా బాగా కుట్టారు. కానీ తీసుకోకూడదమ్మా. మీరు నా దగ్గర అనుమతి తీసుకునేవాళ్ళు."

"మా అమ్మ కుట్టింది మేడమ్. ఇది ఆవిడ కోసం వచ్చిన పెట్టే."

"అందుకే అసలు తీసుకోకూడదు" అంది. ఆ తర్వాత దిండుని మేనకోడలి చేతికే తిరిగిచ్చి, పెట్టె వైపు చూపించింది. "ఇవాళ నంబరు చదవాల్సింది మీరు. మీరే వేసుకోండి."

ముందు మీటరు. ఆవిడ పెట్టె దగ్గరికి వెళ్ళిందో లేదో, అది టకటకటకమని అందుకుంది. కంచె అవతల రోడ్డు మీదికి వినిపించింది. పదకొండేళ్ళుగా ఆ చప్పుడు వింటే చెవులు మూసుకునేవాణ్ణి. ఆవేళ కంచె పట్టుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాను. ఉంది. మా అక్క మందు లోపలే ఉంది.

మేనకోడలు వాళ్ళమ్మ కుట్టిన దిండు నేల మీద వేసింది. నాలుగు బోల్టులూ విప్పి పక్కన వరసగా పెట్టింది. మోకాళ్ళూని, చెంప నేలకి ఆనించి, టార్చి వేసింది. చేతిలో కాగితం లేదు. ఒక్కో అంకె పైకి చదివింది. ఇంకోసారమ్మ పుస్తకంలో రాసుకుంది.

నేను కంచెకి ఇంకా దగ్గరగా జరిగాను. ఆవిడ ఎప్పుడంటుందా అని ఎదురుచూశాను.

"ఇంకోసారి" అంది.

మేనకోడలు మళ్ళీ మొదటి అంకె నుంచి అందుకుంది. బయట నేను కూడా తనతో పాటే ఒక్కో అంకె చదివాను.